నాలుగో స్టేజీ అన్నారు, కీమో వద్దన్నారు: రొమ్ము క్యాన్సర్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల రొమ్ములో గడ్డల గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. తీరా చూస్తే ఎక్కువమంది అడిగింది తొలిదశ గురించి కాదు, జబ్బు ఎముకలకో కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక, అంటే నాలుగో స్టేజీలో, ఏం చేయాలని. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు 1 లక్షా 92 వేల కొత్త కేసులు. అందులో మన దగ్గర ఆలస్యంగా వచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్నలు వస్తాయని అనుకున్నదే. ఈసారి కాలమ్ మొత్తం వాటికే. ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ములో గడ్డ ఉన్నా చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వెన్నెముకకు, కాలేయంలో రెండు చోట్లకు పాకిందన్నారు. కీమో వద్దని, లెట్రోజోల్, రైబోసిక్లిబ్ అని మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపేశారు. మా బాబాయి వాళ్లేమో "కీమో కూడా ఇవ్వలేదంటే ఆశ వదిలేసినట్టేరా" అంటున్నారు. నిజమేనా? — తెనాలి

జవాబు: కాదు. మీ బాబాయి గారి మాట పదేళ్ల కిందట అయితే కొంత నిజమేమో కానీ ఇప్పుడు కాదు. మీరు పంపిన రిపోర్టులో ఈఆర్ 90 శాతం, పీఆర్ 60 శాతం, హెర్-2 సున్నా అని ఉంది. ఈఆర్, పీఆర్ అంటే క్యాన్సర్ కణంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే రిసెప్టార్లు, హెర్-2 అంటే కణం పైన ఉండే ఒక ప్రొటీన్. అంటే అమ్మగారిది ఈస్ట్రోజన్ హార్మోన్ అందితేనే పెరిగే రకం. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువమందికి ఉండేది ఇదే, మందులు ఎక్కువగా ఉన్నదీ దీనికే. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజన్ తయారు కాకుండా చూస్తుంది. రైబోసిక్లిబ్ అయితే కణం రెండుగా చీలడానికి కావలసిన సీడీకే 4, సీడీకే 6 అనే రెండు ఎంజైములను ఆపుతుంది. ఈ కోవలో మూడు మందులున్నాయి, మొదట 2015లో పాల్బోసిక్లిబ్, తర్వాత 2017లో రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ అమెరికాలో అనుమతి పొందాయి.

లెక్క కూడా చెబుతాను. నెలసరి ఆగిపోయినవాళ్ల మీద చేసిన పెద్ద ట్రయల్‌లో ఒక్క లెట్రోజోల్ వేసుకున్నవాళ్లలో సగం మంది 51 నెలలు దాటి బతికితే, రైబోసిక్లిబ్ కూడా వేసుకున్నవాళ్లలో సగం మంది 64 నెలల దాకా ఉన్నారు. దగ్గర దగ్గర అయిదేళ్లకు పైన అన్నమాట. సగం మంది అంటే మిగతా సగం అంతకంటే తక్కువ అని కూడా అర్థం, అందుకని ఈ అంకెను అమ్మగారి గడువుగా తీసుకోకండి.

"కాలేయానికి పాకింది కదా, కీమో అయితే త్వరగా పట్టు చిక్కుతుంది కదా" అని మీకు అనిపించవచ్చు, మాకూ అలాగే అనిపించేది. ఇంకా నెలసరి ఆగని, జబ్బు జోరుగా ఉన్న ఆడవాళ్లను తీసుకుని రైబోసిక్లిబ్ మాత్రలను రెండు మందుల కీమోతో నేరుగా పోల్చి చూశారు. మాత్రలు వేసుకున్నవాళ్లకు జబ్బు దాదాపు 22 నెలలు అదుపులో ఉంది, కీమో తీసుకున్నవాళ్లకు దాదాపు 13 నెలలే. జబ్బు తగ్గుముఖం పట్టడానికి పట్టిన సమయంలోనూ పెద్ద తేడా లేదు. కాబట్టి ఇక్కడ కీమో ఇవ్వకపోవడమే సరైన వైద్యం. కామెర్లు వచ్చి బిలిరుబిన్ పెరిగిపోతున్నా, ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టాల్సి వస్తున్నా అప్పుడు సంగతి వేరు, ముందు కీమోతోనే మొదలుపెడతాం.

ఇక వాడే పద్ధతి. రైబోసిక్లిబ్ రోజూ ఒకే వేళకు 21 రోజులు, తర్వాత 7 రోజులు విరామం. లెట్రోజోల్‌కు విరామం లేదు, ఇది చాలా ఇళ్లల్లో తారుమారు చేస్తారు, రెండూ కలిపి ఆపేస్తారు. క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటే గొడవ ఉండదు. మొదటి రెండు నెలలు రెండు వారాలకోసారి రక్తపరీక్ష ఉంటుంది, ఎందుకంటే తెల్లకణాలు తగ్గుతాయి, దాదాపు అందరికీ తగ్గుతాయి. తగ్గితే ఒక వారం ఆపి, అవసరమైతే మూడు మాత్రలను రెండుకు దించి మళ్లీ మొదలుపెడతారు, అంతే తప్ప మందు పడలేదని మానేయాల్సిన పని లేదు. గుండె లయ మీద ప్రభావం ఉంటుంది కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు వారాలు గడిచాక ఇంకోసారి ఈసీజీ తీస్తారు. జ్వరం 100.4 దాటితే డోలో వేసి చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి రండి. ఇంకొకటి, పంపర పనస తినొద్దు. ఈ మందు కాలేయంలో విరిగే దారిని ఆ పండు అడ్డుకుంటుంది, అందువల్ల రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ వద్దని అన్ని చోట్లా రాసి ఉంటుంది కానీ మన పెరళ్లలో ఉండేది దాని చుట్టమైన పంపర పనసే కాబట్టి చెబుతున్నాను.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అయినా అడుగుతారని తెలుసు. పాల్బోసిక్లిబ్ పేటెంట్ మన దేశంలో 2023 జనవరిలో ముగిసింది. అప్పటిదాకా నెలకు పదుల వేలు పెట్టాల్సిన మందు, జనరిక్‌లు వచ్చాక కొన్ని వేలకు దిగింది. ఆయుష్షు పెరిగినట్టు నిరూపణ రైబోసిక్లిబ్‌కే గట్టిగా ఉంది, పాల్బోసిక్లిబ్ జబ్బును అదుపులో ఉంచే కాలాన్ని పెంచింది కానీ మొత్తం ఆయుష్షులో స్పష్టమైన తేడా చూపలేకపోయింది. కొనగలిగితే రైబోసిక్లిబ్, లేదంటే జనరిక్ పాల్బోసిక్లిబ్. నా ఉద్దేశంలో ఆరు నెలలు ఖరీదైన మందు వాడి డబ్బుల్లేక మానేయడం కంటే చవకది మానకుండా వాడటం నయం.

ప్రశ్న: నా వయసు 51. పాల్బోసిక్లిబ్, లెట్రోజోల్ రెండేళ్లకు పైగా బాగా పనిచేశాయి. మొన్నటి పెట్ స్కాన్‌లో కొత్త మచ్చలు వచ్చాయి. డాక్టరు లిక్విడ్ బయాప్సీ అని ఖరీదైన రక్తపరీక్ష రాశారు. ఇది అవసరమా, వ్యాపారమా? షుగర్ కూడా ఉంది నాకు. — రాజమండ్రి

జవాబు: పరీక్ష మంచిదే. వ్యాపారం అవుతుందా లేదా అన్నది దాని తర్వాత ఏం చేస్తారన్న దాని మీద ఉంటుంది. క్యాన్సర్ కణాలు రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ ముక్కలను పట్టుకుని అందులో మార్పులు చూస్తారు. మీకు ముఖ్యమైనవి రెండు. ఒకటి ఈఎస్ఆర్1 అనే జీనులో మార్పు, లెట్రోజోల్ లాంటి మందులు చాలాకాలం వాడాక హార్మోన్ రిసెప్టార్ తన రూపు మార్చుకుని, ఈస్ట్రోజన్ లేకపోయినా పనిచేయడం మొదలుపెడుతుంది. అది ఉంటే ఎలాసెస్ట్రాంట్ అనే మాత్ర ఉంది, 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండోది పీఐకే3సీఏ అనే జీనులో మార్పు, ఈ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో నూటికి 40 మంది దాకా కనిపిస్తుంది. దానికి 2019లో ఆల్పెలిసిబ్, 2023లో కాపివాసెర్టిబ్, 2024లో ఇనావోలిసిబ్ వచ్చాయి.

షుగర్ సంగతి మీరు చెప్పడం మంచిదైంది. పీఐకే3సీఏ దారి, ఇన్సులిన్ పనిచేసే దారి ఒక్కటే. దాన్ని మూసేస్తే షుగర్ ఎగబాకుతుంది, ఆల్పెలిసిబ్‌తో అయితే షుగర్ లేనివాళ్లకు కూడా 300 దాటడం చూస్తుంటాం. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) ఎంతుందో చూసుకోకుండా ఈ మందు మొదలుపెట్టనివ్వకండి. కాపివాసెర్టిబ్‌తో ఈ ఇబ్బంది కొంత తక్కువ, విరేచనాలు మాత్రం ఎక్కువ.

పరీక్షకు డబ్బు కట్టే ముందు డాక్టర్ని రెండు ప్రశ్నలు అడగండి. "మార్పు కనిపిస్తే ఏ మందు ఇస్తారు? నెలకు ఎంతవుతుంది?" ఆ మందు కొనే పరిస్థితి మీకు లేదనుకుంటే, రిపోర్టు బీరువాలో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ ఉపయోగపడదు. అప్పుడు ఆ డబ్బు ఫుల్వెస్ట్రాంట్ అనే హార్మోన్ మందు ఇంజెక్షన్లకు పెట్టుకోవడం తెలివైన పని. ఫుల్వెస్ట్రాంట్ చిక్కటి నూనె మందు, రెండు పిరుదులకూ ఒక్కోటి చొప్పున ఇస్తారు, మొదటి నెల రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి. ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానిచ్చి, ఒక్కోదానికి ఒకటి రెండు నిమిషాలు పట్టేలా మెల్లగా ఇస్తే నొప్పి చాలా తగ్గుతుంది. నర్సు తొందరపడుతుంటే "కాస్త మెల్లగా అమ్మా" అనండి, మొహమాటం అక్కర్లేదు.

వీలైతే కొత్తగా వచ్చిన మచ్చ నుంచి సూదితో ముక్క తీయించండి. పాకిన చోట ఈఆర్, హెర్-2 మొదటి రిపోర్టులో ఉన్నట్టే ఉంటాయన్న గ్యారంటీ లేదు.

ప్రశ్న: మా పెద్దక్కకు అయిదేళ్ల కిందటి రిపోర్టులో హెర్-2 నెగటివ్ (1+) అని రాసుంది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. హార్మోన్ మందులు, ఒక కీమో అయ్యాయి. అమెరికాలో ఉన్న మా వదిన "1+ అంటే నెగటివ్ కాదు, ఎన్‌హెర్టు అడగండి" అంటోంది. ఇక్కడి డాక్టరేమో నెగటివే అంటున్నారు. ఎవరిది నిజం? — హనుమకొండ

జవాబు: ఇద్దరిదీ. ఆ రిపోర్టు రాసిన రోజున 1+ అంటే నెగటివే. కణం పైన హెర్-2 ప్రొటీన్ ఎంత ఉందో రంగు వేసి చూసి 0, 1+, 2+, 3+ అని మార్కులు ఇస్తారు. 3+ అయితే పాజిటివ్, 2+ అయితే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేసి తేలుస్తారు, మిగతావన్నీ ఒకే గాటన కట్టి నెగటివ్ అనేవాళ్లం. హెర్-2ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు 1998లో వచ్చిన దగ్గర్నుంచీ ఇదే లెక్క, ఎందుకంటే ఆ మందు ప్రొటీన్ దండిగా ఉన్నవాళ్లకే పనిచేసేది.

ఎన్‌హెర్టు అసలు పేరు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్. ఇందులో పాత ట్రాస్టుజుమాబే కొరియర్ బాయ్, దాని వీపున కీమో మందు పార్సిల్. హెర్-2 కనిపించిన ఇంటి తలుపు తట్టి లోపలికి వెళ్లి పార్సిల్ విప్పుతుంది. ఆ విప్పిన మందు పక్క కణాల్లోకి కూడా పాకుతుంది కాబట్టి వాటి మీద ప్రొటీన్ లేకపోయినా దెబ్బ తగులుతుంది. అందుకే 1+ వాళ్లకు కూడా పనిచేస్తుందేమో అని చూశారు. 2022 జూన్‌లో షికాగోలో జరిగిన క్యాన్సర్ వైద్యుల మహాసభలో ఆ ఫలితాలు చెప్పినప్పుడు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మా వృత్తిలో చప్పట్లు అరుదు, లేచి నిలబడటం ఇంకా అరుదు. 1+ గానీ, ఫిష్ నెగటివ్ వచ్చిన 2+ గానీ ఉండి, పాకిన జబ్బుకు కీమో ఒకసారి అయిపోయినవాళ్లలో జబ్బు అదుపులో ఉన్న కాలం మామూలు కీమోతో 5 నెలలైతే దీనితో దాదాపు 10, ఆయుష్షు సగటున 17 నెలల నుంచి 23 నెలల దాకా పెరిగింది. అప్పటి నుంచి ఈ గుంపుకు హెర్-2 లో అని పేరు పెట్టారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో సగం మంది దాకా ఇందులోకి వస్తారు. ఆ తర్వాత 0 కంటే కొంచెమే ఎక్కువ ఉన్నవాళ్లకు కూడా, కీమో కంటే ముందే ఇచ్చి చూసి ఫలితం కనబడితే 2025 జనవరిలో అమెరికాలో దానికీ అనుమతి ఇచ్చారు.

కాబట్టి మీ వదిన చెప్పింది సరే, అక్కకు ఈ మందు పనికొచ్చే అవకాశం ఉంది. పాత స్లైడ్లు, గడ్డ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు ఆ ల్యాబ్‌లో దాచి ఉంటాయి, తెచ్చి మళ్లీ చూపించండి. 0, 1+ ల మధ్య తేడా సూక్ష్మం, ఒక పాథాలజిస్టు 0 అన్నది ఇంకొకరు 1+ అంటారు.

అయితే రెండు సంగతులు. మొదటిది ఊపిరితిత్తులు. ఈ మందు తీసుకున్నవాళ్లలో నూటికి పన్నెండు మందికి ఊపిరితిత్తుల్లో వాపు వచ్చింది, చాలామందికి తేలికగా తగ్గిపోయింది కానీ కొద్దిమంది దానితోనే చనిపోయారు. పొడిదగ్గు మొదలైనా, మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం వచ్చినా అదే రోజు చెప్పాలి. వాతావరణం మారిందనో ఏసీ పడలేదనో దగ్గు సిరప్ తాగి కూర్చోవద్దు. సీటీ తీసి, అనుమానం ఉంటే మందు ఆపి స్టెరాయిడ్ మొదలుపెడతారు. వాంతులు కూడా గట్టిగానే ఉంటాయి, వాటికి ముందే మందులివ్వమని అడగండి.

రెండోది డబ్బు. మూడు వారాలకోసారి ఇచ్చే ఒక్కో డోసు లక్షల్లో ఉంటుంది. 2024 కేంద్ర బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం ఎత్తేసిన మూడు క్యాన్సర్ మందుల్లో ఇదొకటి, ఆ ఏడాదే జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. అయినా మామూలు కుటుంబానికి అందేది కాదు. కంపెనీ సహాయ పథకం ఉందేమో ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడగండి, అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే, పొలం బేరం పెట్టాక కాదు.

హెర్-2 మూడు ప్లస్ ఉన్నవాళ్లు ఈ జవాబు చదువుతుంటే, మీకు ఇంకా మంచి రోజులొచ్చాయి. ట్రాస్టుజుమాబ్‌కు పెర్టుజుమాబ్ అనే ఇంకో హెర్-2 మందు జతచేసిన ట్రయల్‌లో, పాకిన జబ్బుతో ఉన్నవాళ్లలో నూటికి 37 మంది ఎనిమిదేళ్ల తర్వాత కూడా బతికే ఉన్నారు. బెంగళూరు బయోకాన్ కంపెనీ 2014లోనే ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ (అసలు మందుకు సరిజోడుగా తయారుచేసిన రకం) తెచ్చాక మన దగ్గర దాని ధర దిగుతూ వచ్చింది. "బయోసిమిలర్ అంటే డూప్లికేటా?" అని అడుగుతుంటారు, కాదు, అదే బయోకాన్ మందుకు 2017లో అమెరికాలో కూడా అనుమతి ఇచ్చారు.

ప్రశ్న: రొమ్ములో గడ్డ అలాగే ఉంచి మందులిస్తున్నారు. స్నానం చేస్తున్నప్పుడల్లా చేతికి తగులుతుంది, నిద్ర పట్టదు. అసలు మూలం అదే కదా, తీసేస్తే పోదా? — హైదరాబాద్

జవాబు: మీ బాధ అర్థమైంది, చేతికి తగిలే గడ్డతో బతకడం తేలిక కాదు. కానీ మూలం తీసేస్తే మిగతాది వాడిపోతుందన్న నమ్మకాన్ని మన వాళ్లే పరీక్షించి చూశారు. ముంబయి టాటా మెమోరియల్‌లో డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం 350 మంది నాలుగో స్టేజీ ఆడవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రొమ్ము, చంక ఆపరేషన్ చేయించి రేడియేషన్ ఇచ్చింది, రెండో గుంపుకు అవేవీ లేవు. 2015లో ఫలితం అచ్చైంది. ఆపరేషన్ అయినవాళ్లలో సగం మంది 19 నెలలు, కానివాళ్లలో సగం మంది 20 నెలలు దాటారు, అంటే తేడా ఏమీ లేదు. పైగా ఆపరేషన్ అయినవాళ్లలో మిగతా చోట్ల జబ్బు కొంచెం త్వరగా పెరిగింది. తర్వాత అమెరికాలో చేసిన ట్రయల్ కూడా ఆయుష్షు పెరగలేదనే చెప్పింది.

గడ్డ పగిలి పుండై రక్తం కారుతున్నా, వాసన వస్తున్నా అప్పుడు తీసేస్తాం, అది ఆయుష్షు కోసం కాదు, మనిషి నలుగురిలో కూర్చోగలగడానికి. మీకు ఆ పరిస్థితి లేదు కదా. మందు పనిచేస్తుంటే గడ్డ మెత్తబడి చిన్నదవుతుంది, చాలామందికి కొన్ని నెలల్లో చేతికి దొరకదు కూడా. రోజూ నొక్కి చూసుకోకండి, నెలకోసారి మీ డాక్టరు టేపు పెట్టి కొలుస్తారు, అది చాలు.

ప్రశ్న: పసుపు క్యాప్సూళ్లు, లక్ష్మణ ఫలం ఆకుల కషాయం వాడుతూ కీమో ఆపేద్దామనుకుంటున్నాం. — విజయనగరం

జవాబు: ఆపకండి. పసుపు కూరలో వేసుకోండి, క్యాప్సూళ్లు వద్దు, ఎక్కువ మోతాదులో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. ఆకుల కషాయం తాగి క్యాన్సర్ తగ్గినట్టు మనుషుల మీద రుజువు లేదు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ప్రశ్న: నా భార్యకు 36 ఏళ్లు. ట్రిపుల్ నెగటివ్, ఊపిరితిత్తుల్లో ఉంది. దీనికి మందులే లేవని నెట్‌లో చదివి పిచ్చెక్కుతోంది. ఇమ్యునోథెరపీ అంటున్నారు, అందరికీ పనిచేస్తుందా? ఇద్దరు చెల్లెళ్లున్నారు తనకు. — అనంతపురం

జవాబు: ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ లేనిది కాబట్టి ఆ పేరు. ఇది మొండి రకమే, తియ్యగా చెప్పి లాభం లేదు, కానీ మందులే లేవన్నది పాత మాట. నెట్ మూసేసి మూడు పరీక్షల సంగతి చూడండి.

ఒకటి పీడీ-ఎల్1, ఒంటి రక్షణ కణాలను ఆపడానికి క్యాన్సర్ వాడుకునే ప్రొటీన్. దీనికి సీపీఎస్ అని స్కోరు ఇస్తారు. 10, ఆపైన ఉంటే కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే ఆయుష్షు 16 నెలల నుంచి 23 నెలలకు పెరిగింది. పది లోపు ఉంటే ఆ లాభం కనబడలేదు. అందరికీ పనిచేస్తుందా అన్న దానికి ఇదే జవాబు. నూటికి నలభై మందికి కూడా ఆ స్కోరు రాదు. స్కోరు చూడకుండానే అప్పు చేయించి ఇమ్యునోథెరపీ ఎక్కించడం నాకు నచ్చని పని, అలాంటి ఫైళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

రెండోది బీఆర్‌సీఏ జీను పరీక్ష, రక్తంతో చేస్తారు. 36 ఏళ్లకే ట్రిపుల్ నెగటివ్ వచ్చిందంటే ఇది తప్పనిసరి. మార్పు ఉంటే ఓలాపారిబ్ మాత్రలు పనికొస్తాయి, 2018 నుంచి వాడుకలో ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, మార్పు ఉంటే చెల్లెళ్లిద్దరికీ అది వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. వాళ్లకు ముందే ఎంఆర్‌ఐతో పరీక్షలు మొదలుపెట్టొచ్చు. "పెళ్లిళ్లు కావాలి, బయటకు తెలిస్తే ఎలా" అని అత్తవారింట్లో అడ్డుపడితే, రిపోర్టు ఊళ్లో పంచక్కర్లేదని చెప్పండి, అది వాళ్లకూ డాక్టరుకూ తెలిస్తే చాలు.

మూడోది హెర్-2 నిజంగా సున్నానా, 1+ ఆ అన్నది, పైన హనుమకొండ వారికి చెప్పిందే. ఇవన్నీ కాక సాసిటుజుమాబ్ గోవిటెకాన్ ఉంది, ఎన్‌హెర్టు లాగే యాంటీబాడీకి కీమో కట్టి పంపే మందు. రెండు కీమోలు అయ్యాక ఇచ్చిన ట్రయల్‌లో మామూలు కీమోతో ఆయుష్షు దాదాపు 7 నెలలైతే దీనితో 12 నెలలు. విరేచనాలు, తెల్లకణాలు తగ్గడం దీనికున్న ఇబ్బందులు.

ప్రశ్న: మా అత్తగారికి జబ్బు పేరు చెప్పలేదు. "గడ్డ, మందులతో పోతుంది" అన్నాం. ఆవిడ చదువుకున్న మనిషి, టీచర్‌గా చేసి రిటైరయ్యారు. చెబితే కుంగిపోతారని మా వారి భయం. — గుంటూరు

జవాబు: ఆవిడకు తెలుసు. క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చదవగలిగిన మనిషికి, మందు చీటీని ఫోన్లో వెతకగలిగిన మనిషికి తెలియకుండా ఉండదు. మీరు చెప్పడం లేదు కాబట్టి ఆవిడ అడగడం లేదు, అంతే. ఈ దాగుడుమూతల్లో అసలు నష్టం ఏమిటంటే నొప్పి ఎక్కడుందో, రాత్రిళ్లు ఎందుకు మెలకువ వస్తుందో కూడా చెప్పరు, మీరు కంగారుపడతారని. మీ వారిని ముందు డాక్టరు దగ్గర కూర్చోబెట్టండి, తర్వాత ఆవిడను "మీకు మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడగమనండి. అన్నీ చెప్పమనేవాళ్లుంటారు, "మా అబ్బాయితో మాట్లాడండి" అనేవాళ్లూ ఉంటారు. రెండూ గౌరవించాల్సినవే. పూర్తిగా నయమవుతుందా అని ఆవిడ నేరుగా అడిగితే అబద్ధం చెప్పొద్దు, "పూర్తిగా పోయేది కాదు, మందులతో అదుపులో పెట్టేది, బీపీ షుగర్ల కంటే గట్టిది" అని నేను చెబుతుంటాను.

నొప్పి ఉంటే ఉపశమన చికిత్స విభాగానికి ఇప్పుడే చూపించండి, చివర్లో కాదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. మార్ఫిన్ మాత్ర అంటే ఆఖరి గడియ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అది నొప్పి మందు, నొప్పి తగ్గితే మనిషి లేచి తిరుగుతుంది.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను, అమ్మ కాకినాడలో. ఇక్కడికి తీసుకొచ్చేయమంటారా? లేక ఇక్కడి నుంచి మందులు పంపనా? — ఒక కొడుకు

జవాబు: రెండూ వద్దనే చెబుతాను. విజిటర్ ఇన్సూరెన్సులు సాధారణంగా ముందే ఉన్న జబ్బుకు రూపాయి కూడా ఇవ్వవు, అక్కడ ఒక నెల వైద్యానికి అయ్యేది ఇక్కడ ఏళ్లకు సరిపోతుంది. పైన రాసిన మందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి, చాలావాటికి చవక రకాలూ ఉన్నాయి. ఇక్కడ దొరకనిదే కావాల్సి వస్తే రోగి పేరు మీద, డాక్టరు చీటీతో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి తీసుకుని తెప్పించుకునే పద్ధతి ఉంది, సూట్‌కేసులో పెట్టి ఎవరో స్నేహితుడితో పంపడం కంటే అదే మేలు.

రెండో అభిప్రాయం కావాలంటే అమ్మను తిప్పక్కర్లేదు. విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కాకినాడకు దగ్గరే. టాటా మెమోరియల్ నిపుణుల అభిప్రాయం ఆన్‌లైన్‌లో ఇప్పించే నవ్య అనే సేవ కూడా ఉంది. మీరు చేయగలిగిన పెద్ద సాయం, నెలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున ఫోన్లో ఉండటం, ఇక్కడ అమ్మను తీసుకెళ్లే తమ్ముడికో చెల్లెలికో ఆటో నుంచి మందుల దాకా లెక్క అడగకుండా డబ్బు వేయడం. అక్కడి నుంచి నెట్ చూసి రోజుకో కొత్త మందు పేరు వాట్సాప్‌లో పెట్టి వాళ్లకు టెన్షన్ పెంచకండి.

ప్రశ్న: ఎముకలకు పాకిందని అమ్మకు నెలకో జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. ఇప్పుడు పన్ను పుచ్చి వాచింది, పీకించొచ్చా? — కర్నూలు

జవాబు: ఆగండి, పీకించకండి. ఈ ఇంజెక్షన్, దీని బదులు ఇచ్చే డెనోసుమాబ్ రెండూ ఎముక అరగకుండా, విరగకుండా కాపాడతాయి. కానీ ఇవి వాడుతున్నప్పుడు పన్ను పీకిస్తే ఆ గుంత మానక దవడ ఎముక బయటపడి చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే మొదలుపెట్టే ముందే పళ్లు చూపించుకోమంటాం, మీకు ఆ మాట ఎవరూ చెప్పినట్టు లేదు. ఇప్పుడు పళ్ల డాక్టరుకు ఇంజెక్షన్ పేరు, ఎన్నాళ్లుగా తీసుకుంటున్నారో రాసి ఇవ్వండి. వీలైతే పీకకుండా రూట్ కెనాల్‌తో సరిపెడతారు, యాంటీబయాటిక్ ఇస్తారు. పీకక తప్పదంటే మీ క్యాన్సర్ డాక్టరు, పళ్ల డాక్టరు మాట్లాడుకుని ఇంజెక్షన్ ఆపాక చేస్తారు.

ఇంకో సంగతి, జోలెడ్రోనిక్ యాసిడ్ నెలకోసారి ఇచ్చినా మూడు నెలలకోసారి ఇచ్చినా ఎముకలకు రక్షణ దాదాపు ఒకటేనని 2017లో అచ్చైన అమెరికా ట్రయల్‌లో తేలింది. ఈసారి వెళ్లినప్పుడు మూడు నెలలకు మార్చొచ్చా అని అడగండి, కిడ్నీల మీదా ఖర్చు మీదా భారం తగ్గుతుంది. ఇంజెక్షన్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూస్తున్నారో లేదో కూడా గమనించండి. కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాసి ఉంటారు, అవి మానొద్దు. నడుము నొప్పి ఉన్నట్టుండి పెరిగి కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వెన్నుపాము నొక్కుకుంటే గంటల్లో రేడియేషనో ఆపరేషనో కావాలి.